కేక పెద్దది, నడక చిన్నది

గడిచిన కార్తీకంలో ఒక ఆదివారంనాడు మేము సకుటుంబంగా అరకు బయల్దేరాము. సకుటుంబంగా అంటే మా అమ్మా, మావారూ, మా అమ్మాయీ, నేనూ, ఒక గిన్నెడు పులిహోరా, మా నాన్నగారి మారుతీ 800న్నూ. బండిని కుటుంబంలో జమకట్టానని నవ్వకండి. 1998లో, హెడ్మాస్టరుగా రిటైరైన యేడు, ప్రావిడెంటు ఫండు డబ్బులో కొంత తీసి మా నాన్నగారు కొన్న బండి అది. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ కంపెనీవారు ఆ రకం బండి చెయ్యడం 2014లోనే మానేశారు. మా బండి మాత్రం, పదిహేనేళ్ళు నిండినప్పటినుంచీ ఐదేళ్ళకొకసారి రవాణాశాఖవారి ముందు పరీక్షకు నిలబడి, పాసై, ఇంటికి వస్తూనే వుంది.

విజయనగరంనుంచి గంట్యాడమీదుగా శృంగవరపుకోట దాకా రాజాలాగ వచ్చింది. బొడ్డవర దాటి ఘాటురోడ్డు ఎక్కాము. రెండో మలుపో మూడో మలుపో గుర్తులేదు. మూడో గేరులో వుండి ఆక్సిలరేటరు తొక్కాను. ఇంజను ఒక్క కేక పెట్టింది! ఆ కేక విన్నవాళ్ళెవరైనా, బండి ఒక్క ఉరుకున అనంతగిరిలో వెళ్ళి వాలుతుందనుకుంటారు. తీరా చూస్తే, కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని రోడ్డువారగా ఎక్కుతున్న ఒక ఆడమనిషి మమ్మల్ని దాటి పోయింది. పోతూపోతూ జాలిగా ఒక చూపు కూడా చూసింది.

"ఎవరింట్లోనో గుడ్డ మాడుతోందే," అన్నది మా అమ్మ, ముక్కు ఎగబీలుస్తూ.

చుట్టూ అడవి. ఇల్లన్నది కనుచూపుమేరలో లేదు. మాడుతున్నది మా ఇంటిదేనని నాకు అర్థమయింది.

ఎలాగో బండిని వారకు తీసి, రాళ్ళు అడ్డంపెట్టి, అరగంట ఆగి, పల్లానికి తిప్పుకుని వచ్చేశాము. పులిహోర శృంగవరపుకోటలో ఒక చెట్టుకింద తిన్నాము. తింటూండగా నా నోటివెంట రాకూడని మాట వచ్చింది. మా అమ్మాయి అప్పటికి మూడు నెలలై డ్రైవింగు నేర్చుకుంటోంది. లైసెన్సు కూడా వచ్చింది. "సందుల్లో క్లచ్చు మీద నిలబడి నాట్యం చేశావు. ఇదిగో ఫలితం. తాతగారి బండిని తగలేశావు," అన్నాను. అది మాట్లాడలేదు. చేతిలో ముద్ద ఆకులో పెట్టేసి చెయ్యి కడుక్కుంది. ఆనాటినుంచి గోడకున్న బండి తాళాల జోలికి పోవడం మానేసింది. కాలేజీకి మళ్ళీ బస్సులోనే.

మర్నాడు దగ్గరలో వున్న ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాము. అక్కడి కుర్రవాడు బానెట్టు ఎత్తి, ఆక్సిలరేటరు తీగ లాగి, రెండుసార్లు బుర్రుమనిపించి, నాతో కాదు, మావారితో, "ఇంజను అయిపోయింది సార్. బోరు చేయించాలి, రింగులు మార్చాలి. పాతికవేలు పెట్టుకోండి. అంతకంటే ఇచ్చేసుకోవడం మేలు. కావాలంటే పార్టీని నేను చూస్తాను," అన్నాడు. బండి నడిపేది నేను, జబ్బు చెప్పేది నేను, వైద్యుడు మాట్లాడేది మావారితో! మావారికి బండి నడపడం రాదు. అయినా బ్యాంకు ఉద్యోగి గనుక పాతికవేలన్న మాట మాత్రం చప్పున అర్థమయింది. "ఏమోయ్, ఇచ్చేద్దామా?" అన్నారు ఇంటికి వచ్చాక. మా అమ్మ వంటింట్లోంచి వినీ విననట్టు వూరుకుంది. సాయంత్రం చూస్తే, తడిగుడ్డ తీసుకుని బండి అద్దాలు తుడుస్తోంది. డెబ్భయ్యారేళ్ళ మనిషి. నా గుండె కలుక్కుమంది.

మా నాన్నగారికి ప్రతీదీ రాసుకునే అలవాటు. పెట్రోలు ఎప్పుడు పోయించారు, గాలి ఎప్పుడు పట్టించారు, అన్నీ ఒక పాత హాజరుపట్టీలో గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టారు. తిరగేస్తే 2009లో ఒకచోట "క్లచ్చు సెట్టు మార్పు. మేస్త్రీ కూలి సహా ఇచ్చితిని" అని వుంది. ఆ మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్ళాను. ఇప్పుడు ఆయనకు డెబ్భైకి దగ్గర. పని కొడుకు చేస్తాడు, ఈయన స్టూలుమీద కూర్చుని చెవితో పనిచేస్తాడు.

"మేష్టారి బండా?" అని లేచి నిలబడ్డాడు. బానెట్టు ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. మంచి వైద్యుడికీ, మంచి ఉపాధ్యాయుడికీ అదే లక్షణం.

"కేక ఏ గేర్లో వస్తాది మేడంగారూ?"

"మూడులోనూ నాలుగులోనూ. ఒకటో గేరులో బాగానే కదులుతోంది."

"క్లచ్చు ఎంతమట్టుకు వదిల్తే బండి కదుల్తాది? అడుగునా, పైనా?"

నేను ఆలోచించాను. ఏడాది కిందట పెడలు సగం వదిలేసరికి కదిలేది. ఈమధ్య పూర్తిగా పైకి వస్తేగాని కదలడంలేదు. మోకాలు అంత ఎత్తుకు లేపవలసి వస్తూంటే, వయస్సు మీదపడి కీళ్ళనొప్పులు మొదలయ్యాయి కాబోలునని నూనె రాసుకుంటున్నాను! ఆ సంగతి చెబితే మేస్త్రీ నవ్వకుండా, "నూనె మీక్కాదండి కావలసింది," అన్నాడు. "పెట్రోలు ఎక్కువ తాగుతోందా?" అన్నాడు. తాగుతోంది. "కొండెక్కినప్పుడు కాలిన వాసనొచ్చిందా?" వచ్చింది. మా అమ్మ సాక్షి.

"అయితే ఇంజను రోగం గాదండి. ఇంజను ముసిలిదైపోతే కేకెయ్యడానికే ఓపికుండదు. తొక్కినా గొంతు లేవదు, ఎనకాల నీలం పొగొస్తాది. ఇది కేకేస్తోంది, బండే ఎళ్ళటం నేదు. మధ్యలో చెయ్యి జారిపోతోంది."

ఆ మధ్యనున్న చెయ్యే క్లచ్చు. తెలియనివారికోసం నాలుగు మాటలు చెబుతాను, తెలిసినవారు ఈ పేరా దాటేయవచ్చును. ఇంజను చివర బరువైన ఇనుపచక్రం ఒకటి ఇంజనుతోపాటు తిరుగుతూ వుంటుంది. దాన్ని ఫ్లైవీలు అంటారు. గేరుపెట్టెలోంచి వచ్చిన ఇరుసుమీద పళ్ళెంవంటి ప్లేటు వుంటుంది. దాని రెండువైపులా రాపిడికి తట్టుకునే అట్టవంటి పొర తాపడం చేసి వుంటుంది. బలమైన స్ప్రింగుతో ప్రెషర్‌ప్లేటు ఆ పళ్ళేన్ని ఫ్లైవీలుకేసి అదిమిపెడుతుంది. అదిమినంతసేపూ రెండూ ఒక్కటై తిరుగుతాయి, ఇంజను శక్తి చక్రాలకు పోతుంది. మనం పెడలు తొక్కితే ఆ అదుము సడలుతుంది, రెండూ విడిపోతాయి. నా పాఠం భాషలో చెప్పాలంటే, ఇంజనుకూ చక్రాలకూ మధ్య జరిగే సంధి ఇది. గేరు మార్చేటప్పుడు మాత్రమే విసంధి. ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం అని పిల్లలచేత వల్లెవేయిస్తూంటాను. మా బండిలో నిత్యంగా జరగవలసిన సంధి వైకల్పికమైపోయింది. అదే జబ్బు.

మేస్త్రీకి వ్యాకరణం అక్కరలేకపోయింది. "రైసుమిల్లు బెల్టు జారినట్టండి. మోటారు తిరుగుతాది, రోలరు తిరగదు, బెల్టు కంపుకొడతాది," అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

అయితే మాట తేల్చినంత మాత్రాన రోగం తేలినట్టు కాదని ఆయనకు తెలుసును. ముందు బండిని న్యూట్రలులో పెట్టి ఒంటిచేత్తో నెట్టాడు. రమారమి 650 కిలోల బండి సుళువుగా కదిలింది. బ్రేకులు పట్టేసివుంటే కూడా ఇంజను ఆయాసపడుతుందట గాని, అప్పుడు నెడితే కదలదు, నడిపి దిగాక చక్రం నడిమి కాలుతూ వుంటుంది. మా బండికి ఆ దోషం లేదు.

తరవాత అసలు పరీక్ష. చదునుగా వున్న చోట నిలిపి, హ్యాండు బ్రేకు గట్టిగా లాగి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు వేయించాడు. బండికి ఎదురుగా నిలబడ్డ కొడుకును కసిరి పక్కకు పొమ్మన్నాడు. నన్ను స్టార్టు చెయ్యమని, మూడో గేరు వేయించి, కొద్దిగా ఆక్సిలరేటరు ఇస్తూ క్లచ్చు మెల్లగా వదలమన్నాడు. క్లచ్చు ఆరోగ్యంగా వుంటే, బండి కదలడానికి వీలులేదు గనుక, ఇంజను గొంతు పట్టుకున్నట్టు టక్కున ఆగిపోవాలి. నేను పెడలు పూర్తిగా వదిలేశాను. ఇంజను హాయిగా తిరుగుతూనే వుంది! "కట్టెయ్యండి, కట్టెయ్యండి," అని అరిచాడు మేస్త్రీ. ఈ పరీక్ష ఒకసారికి మించి చెయ్యకూడదట. జారుతున్న ప్లేటు ప్రతి క్షణమూ కాలుతూనే వుంటుంది. రోగం వుందో లేదో చూడడానికి రోగిని చంపుకున్నట్టవుతుంది.

ఇంట్లో ఇంకా నెమ్మదైన పద్ధతి కూడా వుంది. ఖాళీగా వున్న చదును రోడ్డుమీద నలభై వేగాన, అన్నిటికంటె పై గేరులో పోతూ, ఒక్కసారి ఆక్సిలరేటరు బాగా తొక్కి చెవి ఒగ్గి వినాలి. ఇంజను గొంతు, స్పీడు ముల్లు కలిసి మెల్లగా పైకి వెళితే క్షేమం. గొంతు ముందు లేచిపోయి ముల్లు వెనక వుండిపోతే జారుతున్నట్టే. మా బండిలో ఇంజను చుట్లు చూపే గడియారం లేదు, చెవే గడియారం. ఒకటో గేరులో ఇంజనుకు బండిని లాగడం తేలిక, ప్లేటుమీద భారం తక్కువ, అందుకని జబ్బు బయటపడదు. పై గేరులోనూ, ఎత్తుమీదనూ, నలుగురు మనుషులు కూర్చున్నప్పుడూ బయటపడుతుంది. మేము వూళ్ళో తిరిగినన్నాళ్ళూ గుట్టుగా వుండి ఘాటుమీద పరువు తీసింది ఇందుకే.

జారుతోందని తేలింది సరే, ఎందుకు జారుతోంది? ప్లేటు అరిగిందనడానికి ముందు చూడవలసింది ఒకటుందని మేస్త్రీ వంగి, క్లచ్చు పెడలును చేత్తో నొక్కి చూపించాడు. కేబులుతో పనిచేసే క్లచ్చులో పెడలు మొదటి కొంతమేర వదులుగా, వూరికే దిగాలి. తరవాతే బరువు తగలాలి. మా పెడలుకు ఆ వదులు బొత్తిగా లేదు, ముట్టుకోగానే బిర్రుగా వుంది. అంటే కాలు తీసినా కేబులు లోపల కొంచెం లాగే వుంచుతోందన్నమాట. అదుము ఎప్పుడూ పూర్తిగా పడటంలేదు. ఇక్కడ నాకొక వింత తెలిసింది. వస్తువు అరిగితే వదులవుతుందని గదా మనం అనుకుంటాము. క్లచ్చు ప్లేటు అరిగినకొద్దీ కేబులులో వదులు తగ్గి బిగుసుకుంటుంది! ప్లేటు పలచబడితే ప్రెషర్‌ప్లేటు ముందుకు జరుగుతుంది. దాని స్ప్రింగు వేళ్ళు వెనక్కి వచ్చి, వాటిని నొక్కే రిలీజ్ బేరింగుకు ఆనుకుంటాయి. కనుక అప్పుడప్పుడు గేరుపెట్టె దగ్గరున్న నట్టు తిప్పి వదులు ఇస్తూ వుండాలి. నాన్నగారి పట్టీలో "క్లచ్చు వదులు సరిచేయించితిని" అని ఆరునెలలకొకసారి వుంది. ఆయన పోయాక ఆ మాట పట్టీలో లేదు. ఆ ఆరేళ్ళ లెక్క నాది.

మేస్త్రీ నట్టు తిప్పి ముప్పాతిక అంగుళం వదులు ఇచ్చాడు. బండి చల్లారాక మళ్ళీ పరీక్ష చేస్తే, ఈసారి ఇంజను గునిసి గునిసి, కాస్సేపటికి ఆగింది. టక్కున మాత్రం ఆగలేదు. "మందుకి సగం తగ్గిందండి. మిగతా సగానికి కోత తప్పదు," అన్నాడు. చాలా బళ్ళకు ఆ నట్టు సవరింపుతోనే, కానీ ఖర్చు లేకుండా, జబ్బు కుదిరిపోతుందట. అది చూడకుండా ప్లేట్లు విప్పేవాడి దగ్గరకు పోకండి. కేబులుకు బదులు ద్రవంతో పనిచేసే క్లచ్చు అయితే ఈ నట్టు గొడవ వుండదు, దాని వైద్యం వేరు.

మర్నాడు గేరుపెట్టె దింపారు. నేను సెలవు పెట్టి వెళ్ళి కూర్చున్నాను. దింపగానే మేస్త్రీ మొదట చూసింది నూనెకోసం. ఇంజను వెనక సీలునుంచి గాని గేరుపెట్టె సీలునుంచి గాని నూనె కారి ప్లేటును తడిపితే, పొర ఎంత మందంగా వున్నా జారుతుంది. సీలు మార్చకుండా ప్లేటొక్కటీ మారిస్తే కొత్తదీ పాడవుతుంది. మాది పొడిగానే వుంది. లోపలి ధూళిని కొడుకు గాలిగొట్టంతో వూదబోతే వద్దని తడిగుడ్డతో తుడిపించాడు. పాతకాలపు ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ కలిసేది. ఆ ధూళి వూపిరితిత్తులకు చేటు. ఇది నలభై ఏళ్ళు అది పీల్చినవాడు చెప్పిన మాట.

ప్లేటు నా చేతికిచ్చాడు. పొర అరిగి రివెట్ల తలలు బయటికి కనిపిస్తున్నాయి. నేను అమ్మాయి సంగతి ఎత్తాను. "కొత్తగా నేర్చుకుంటోంది లెండి. అదే తగలేసింది," అన్నాను.

మేస్త్రీ ప్రెషర్‌ప్లేటు తిప్పి చూపించాడు. స్ప్రింగు వేళ్ళ కొసలమీద గుండ్రంగా గాడి పడి, అద్దంలా మెరుస్తోంది. రిలీజ్ బేరింగు చేత్తో తిప్పితే పాత తిరగలిలాగ గరగరమంది.

"నేర్చుకునేవోళ్ళు ఫ్లైవీలు నీలంగా కాల్చేస్తారండి, నిజమే. అక్కడక్కడ కాలింది కూడాను. గానీ ఈ గాడి మూణ్ణెల్లది కాదు. ఏళ్ళ తరబడి ఎవరో కాలు తియ్యకుండా పెడలుమీదే పెట్టుకుని నడిపారు. మేష్టారు అలాగ నడపరు. ఆరి పక్కన నేను కూచున్నాను."

నేను మాట్లాడలేదు. ఆరేళ్ళుగా ఈ బండిని నడిపిన మూడో మనిషి ఎవరూ లేరు.

ప్లేటు, ప్రెషర్‌ప్లేటు, బేరింగు మూడూ కలిపి మార్చాడు. ఒకటి మార్చి రెండు దాచుకుంటే మళ్ళీ గేరుపెట్టె దింపుడు కూలి దండుగ. ఫ్లైవీలు ముఖం శుభ్రంచేసి, కేబులు కూడా కొత్తది వేశాడు. అంతా కలిపి ఐదువేల లోపే అయింది. మొదటి అయిదారు వందల కిలోమీటర్లు బరువులు లాగించవద్దన్నాడు. చివర నన్ను నడపమని తాను పక్కన కూర్చున్నాడు. కంటోన్మెంటు దాకా వెళ్ళి వచ్చాము. ఎంత నెమ్మదైన బండి! తొక్కితే కేక లేదు, నడక వుంది. తిరిగి వస్తూండగా మేస్త్రీ రోడ్డు చూడకుండా కిందికి చూస్తూ, "మేడంగారూ, తమరి ఎడంకాలు ఎక్కడుంది?" అన్నాడు.

పెడలు మీద వుంది. తొక్కడంలేదు సుమండీ, వూరికే ఆనించి వుంది. కొత్తగా ఇచ్చిన ముప్పాతిక అంగుళం వదులూ ఆ ఆనింపుకే చెల్లిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అందరిముందూ అమ్మాయితో చెప్పాను, తగలేసింది నేనని. అందరిముందూ అన్నమాట అందరిముందూ వెనక్కి తీసుకోవాలి గదా. మావారు మజ్జిగ అన్నం కలుపుతూ, "నేను ముందే అనుకున్నాను," అన్నారు. ఆయన ఏమీ అనుకోలేదు. అమ్మాయి చాలాసేపు వూరుకుని, "గాడి ఎంత లోతుందమ్మా?" అని అడిగింది. పాత ప్రెషర్‌ప్లేటు సంచీలో తెచ్చాను. తీసి చేతికిచ్చాను. వేలితో తడిమి చూసింది. దానికి కొంచెం నవ్వు వచ్చింది, నాకు కొంచెం ఏడుపు వచ్చింది.

తాళాలు మాత్రం వెంటనే ముట్టుకోలేదు. మూడు వారాలు పట్టింది. పుష్యమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే, "అమ్మమ్మా, అరకు వస్తావా?" అని అడిగింది, నన్ను కాదు. మా అమ్మ అప్పటికే చీర మార్చుకుంటోంది.

అమ్మాయి నడిపింది. నేను పక్క సీటులో కూర్చున్నాను. బొడ్డవర దాటాము, అదే మలుపు వచ్చింది. రెండో గేరుకు దించి, క్లచ్చు వదిలి, కాలు పూర్తిగా తీసి నేలమీద పెట్టింది. ఇంజను గొంతూ బండి నడకా ఒకటిగానే లేచాయి. ఎదురుగా బస్సు వస్తోంది. నేను గాలి బిగబట్టాను.

"అమ్మా," అన్నది అది రోడ్డుమీదనుంచి చూపు తిప్పకుండానే. "నీ ఎడంకాలు."

చూసుకున్నాను. పెడలు లేని చోట చాపను గట్టిగా తొక్కిపట్టి వున్నది.